థైరాయిడ్ రిపోర్టు తేడాగా వచ్చిందా? డోసు మార్చే ముందు ఇవి చూసుకోండి

సమస్య: థైరాయిడ్ తక్కువైందని వేసుకునే థైరాక్సిన్ (లెవోథైరాక్సిన్ అన్నా ఇదే) మాత్ర ఒక్క రోజూ మానలేదు, అయినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోను, మందు చాలకపోతే పెరుగుతుంది) ఒకసారి 4, ఇంకోసారి 6.

కారణం: రక్తం ఇచ్చిన వేళ అయ్యుండొచ్చు. టీఎస్‌హెచ్ రాత్రి, తెల్లవారుజామున ఎక్కువగా ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుంది. ఒకసారి పొద్దున ఏడింటికీ, ఇంకోసారి సాయంత్రం నాలుగింటికీ ఇస్తే ఆ రెండు అంకెలకూ పోలికే లేదు.

పరిష్కారం: ప్రతిసారీ ఒకే ల్యాబులో, పొద్దున్నే, ఒకే వేళకు ఇవ్వండి. ఆ రోజు మాత్ర రక్తం ఇచ్చాకే వేసుకోండి. ముందే వేసుకుంటే ఫ్రీ టీ4 (రక్తంలో విడిగా తిరిగే థైరాక్సిన్) కాసేపు ఎక్కువ చూపిస్తుంది. పరగడుపు థైరాయిడ్‌కి తప్పనిసరి కాదు, షుగర్ కూడా చూస్తుంటే కావాలి. డోసు మారాక 6 నుంచి 8 వారాలు ఆగాలి. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే వారం పడుతుంది మరి.

సమస్య: టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ. మనిషికి మాత్రం గుండెదడ లేదు, చేతి వణుకు లేదు.

మా అక్కకు ఇదే జరిగింది. రిపోర్టు చూసి, మందు ఎక్కువైందనుకుని డోసు తగ్గించారు. రెండు నెలలు తిరిగేసరికి ముఖం ఉబ్బి, మెట్లెక్కడానికే ఆయాసపడింది. మళ్ళీ వెళ్ళినప్పుడు మందుల సంచి మొత్తం బల్ల మీద బోర్లిస్తే జుట్టు రాలుతోందని వాడుతున్న బయోటిన్ సీసా బయటపడింది: ఒక్కో మాత్ర 10 మిల్లీగ్రాములు. ఒంటికి రోజూ కావలసింది పదుల మైక్రోగ్రాములే. కొన్ని ల్యాబు పద్ధతుల్లో ఎక్కువ బయోటిన్ ఉంటే టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా తప్పు లెక్క వస్తుంది. "అది మందు కాదు కదా, విటమినే కదా" అని అక్క ఎవరికీ చెప్పలేదు. దయచేసి మీరు చెప్పండి. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి. పెద్ద డోసైతే ఇంకెన్నాళ్ళు ఆపాలో డాక్టరునడగండి.

సమస్య: డోసు పెంచుతున్నా టీఎస్‌హెచ్ దిగదు.

మాత్ర వేసుకున్న వెంటనే కాఫీ తాగుతున్నారేమో చూడండి. అరగంట నుంచి గంట ఆగాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం ఇవ్వండి. సీసా పొయ్యి గట్టు మీద ఉంటే తీసేయండి. వేడి, తేమ, వెలుతురు ఈ మందుకు పడవు.

సమస్య: షాపులో వేరే బ్రాండు ఇచ్చారు. ఇది అసలైనదేనా?

లేబుల్ చదవండి. థైరాక్సిన్ సోడియం పేరు పక్కన ఐ.పి. (ఇండియన్ ఫార్మకోపియా, మన దేశపు మందుల ప్రమాణాల పుస్తకం) అని, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, తయారీ లైసెన్సు నంబరు ఉండాలి. ఆ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగం. షాపుకు వేరే లైసెన్సులుంటాయి: ఫారం 20, 21. అవి అందరికీ కనపడేలా పెట్టాలి. ఏదైనా లేకపోతే కొనకండి, ఔషధ నియంత్రణ అధికారులకు తెలపండి. అన్నీ సరిగ్గా ఉన్నా బ్రాండు మారితే డాక్టరుకు చెప్పి, 6 నుంచి 8 వారాలకు మళ్ళీ పరీక్ష చేయించుకోండి. మైక్రోగ్రాముల్లో కొలిచే మందు ఇది.

అమెరికా నుంచి పిల్లలు పంపే ఎండబెట్టిన పంది థైరాయిడ్ మాత్రల సంగతి వేరు. అక్కడ అమ్ముతున్నా వాటికి ఎఫ్‌డీఏ (అక్కడి మందుల నియంత్రణ సంస్థ) ఆమోదం లేదు. అక్కడి లెవోథైరాక్సిన్‌కి ఆ ఆమోదం 2000 నుంచి ఉంది. పైగా ఆ మాత్రల్లో టీ3 (ఇంకో థైరాయిడ్ హార్మోను) కూడా ఉంటుంది, కాబట్టి మీ డాక్టరుకు చెప్పకుండా వాటికి మారకండి.