ఇద్దరికీ ఒకే నంబర్ల పట్టిక, ఎవరి ఖాతా వారిదే – మూడో పాఠం: ఉమ్మడి ఖాతాను నెలకొల్పడం

ఫోన్‌లో కనిపించే ప్రతి కాంటాక్టుకూ ఒక సొంత చోటు ఉంటుందనీ, అది సిమ్ కార్డు గానీ, ఫోన్ మెమరీ గానీ, గూగుల్, ఆపిల్ వారి ఐక్లౌడ్ వంటి ఏదో ఒక ఖాతా గానీ అయివుంటుందనీ మొదటి పాఠంలో చూశాం. రెండో పాఠంలో ఎవరి పట్టికను వారు శుభ్రం చేసుకుని, దాని పూర్తి ప్రతిని ఒక వీసీఎఫ్ ఫైలుగా, అంటే కాంటాక్టులన్నీ ఒకేచోట ఉండే ఫైలుగా, దాచుకున్నాం. ఆ ఫైలు ఇంకా తీసుకోనివారు దయచేసి ఇక్కడే ఆగి, ముందు ఆ పని పూర్తి చేసుకుని రండి. ఈ పాఠంలో చేయబోయే మార్పుల్లో ఏది తప్పినా మళ్ళీ మొదటికి చేర్చేది ఆ ఫైలే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఇద్దరికీ అవసరమైన నంబర్లు రెండు ఫోన్లలోనూ ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఒకరు మారిస్తే రెండోవారి ఫోన్‌లో దానంతట అదే మారాలి. అదే సమయంలో ఎవరి మెయిలు, ఎవరి ఫొటోలు, ఎవరి సొంత పరిచయాలు వారి ఖాతాలోనే ఉండిపోవాలి.

ఇందుకు చాలామంది మొదట పట్టే దారి ఒకరి ఖాతాను రెండోవారి ఫోన్‌లో కూడా పెట్టేయడం. నంబర్లు వస్తాయి, నిజమే, కానీ వాటి వెంట రాకూడనివన్నీ వస్తాయి. రెండు ఐఫోన్లు ఒకే ఆపిల్ ఖాతాతో నడిస్తే ఒకరు చేసిన కాల్స్ వివరాలు రెండోవారి ఫోన్‌లోని ఇటీవలి కాల్స్ జాబితాలో చేరిపోవచ్చు, మెసేజీలు రెండు చోట్లా మోగవచ్చు. ఆండ్రాయిడ్‌లో రెండోవారి ఖాతాను చేర్చగానే కాంటాక్టులతోపాటు మెయిలు, క్యాలెండరు కూడా సింక్ కావడం, అంటే ఖాతాలోని మార్పులు ఫోన్‌లోకీ ఫోన్‌లోని మార్పులు ఖాతాలోకీ వాటంతట అవే చేరడం, మొదలవుతుంది. దాపరికం లేని దంపతులకు ఇందులో ఇబ్బంది ఏమిటని అడిగేవారున్నారు. నా ఉద్దేశంలో ప్రశ్న అది కాదు. మీకు నంబరు ఇచ్చిన స్నేహితుడో సహోద్యోగో దాన్ని మీకు ఇచ్చారు, మీ ఇంటికంతటికీ ఇవ్వలేదు. మీ పట్టికలో మీ జీవితం ఎంత ఉందో, ఇతరుల నమ్మకమూ అంతే ఉంది. ఖాతాలను విడిగా ఉంచుకోవడం ఆ నమ్మకాన్ని కాపాడడానికే.

రెండో దారి వీసీఎఫ్ ఫైలును ఒకరి నుంచి ఒకరు పంపుకుని దిగుమతి చేసుకోవడం. ఈ ఫైలు వెనుక ఉన్న వీకార్డ్ పద్ధతి 1995 నాటిది. 2011 ఆగస్టులో దాని నాలుగో రూపం వెలువడింది. ఒక్కసారి ఆ ఫైలును నోట్‌ప్యాడ్ వంటి సాదా అక్షరాల యాప్‌లో తెరిచి చూడండి. బిగిన్ అనే మాటతో ఒక కార్డు, అంటే ఒక కాంటాక్టు వివరాలు, మొదలవుతుంది, ఎండ్ అనే మాటతో ముగుస్తుంది; నడుమ ఎఫ్ఎన్ అన్న వరుసలో పేరు, టెల్ అన్న వరుసలో నంబరు ఉంటాయి. మీ ఫోన్ వీకార్డ్ పాత 2.1 రూపంలో ఫైలు తయారుచేస్తే తెలుగులో రాసుకున్న పేరు అక్కడ తెలుగుగా కనిపించకపోవచ్చు: ‘అ’ అన్న ఒక్క అక్షరం సమాన గుర్తు, ఈ0, మళ్ళీ సమాన గుర్తు, బీ0, మళ్ళీ సమాన గుర్తు, 85 అని మూడు ముక్కలుగా ఉంటుంది. ఫైలు చెడిపోయిందని కంగారుపడకండి, తెలుగు అక్షరాన్ని కంప్యూటరు దాచుకునే తీరు అదే. దిగుమతి చేసుకున్నాక మాత్రం నాలుగైదు తెలుగు పేర్లు సరిగ్గా వచ్చాయో లేదో తెరిచి చూడండి, ఎందుకంటే ఈ ముక్కలను తిరిగి కూర్చడంలో కొన్ని యాప్‌లు తడబడతాయి.

ఈ దారిలో ఉన్న అసలు లోపం వేరే. వీసీఎఫ్ ఒక నకలు మాత్రమే; తీసిన నాటి స్థితి దగ్గర అది ఆగిపోతుంది. మేమిద్దరం మొదట చేసింది ఇదే. ఒకసారి ఫైలు మార్చుకుని, ఇక పని అయిపోయిందనుకున్నాం. కొన్నాళ్ళకు మా పిల్లవాణ్ణి బడి నుంచి తీసుకువచ్చే డ్రైవరు నంబరు మారింది. నేను నా ఫోన్‌లో మార్చుకున్నాను, రెండో ఫోన్‌లో పాత నంబరు అలాగే ఉండిపోయింది. బండి ఆలస్యమైన ఒక సాయంత్రం నేను ప్రయాణంలో ఉన్నాను, ఫోన్ అందే చోట లేను. ఇంట్లో ఉన్నవారు ఆ పాత నంబరుకే అరగంటసేపు ప్రయత్నిస్తూ కూర్చున్నారు. పిల్లవాడు క్షేమంగానే వచ్చాడు గానీ, నకలుకూ సింకుకూ ఉన్న తేడా ఆ అరగంటలో మాకు బాగా తెలిసివచ్చింది.

గూగుల్‌లోనూ ఆపిల్‌లోనూ కుటుంబ గ్రూపు అనే ఏర్పాటు ఉంది కదా, అది చాలదా అని అడగవచ్చు. కొనుగోళ్ళు, క్యాలెండరు వంటివి కొన్నిటిని అది పంచుతుంది గానీ, అలా పంచేవాటిలో కాంటాక్టుల పట్టిక లేదు. కాబట్టి మనకు మిగిలిన సరైన మార్గం మూడో ఖాతా: ఇద్దరిలో ఎవరి సొంతమూ కాకుండా, ఉమ్మడి నంబర్లను దాచడానికి మాత్రమే పుట్టిన ఒక కొత్త ఖాతా. దాన్ని రెండు ఫోన్లలోనూ చేర్చి, కాంటాక్టులు తప్ప మిగతావన్నీ ఆపివేస్తాం.

ఆ ఖాతా ఏ సంస్థది కావాలి? ఇద్దరివీ ఐఫోన్లే అయితే రెండో ఐక్లౌడ్ ఖాతాను కాంటాక్టులకు మాత్రమే చేర్చుకునే వీలుంది. ఇద్దరిలో ఒక్కరిదైనా ఆండ్రాయిడ్ అయితే గూగుల్ ఖాతాను ఎంచుకోండి. ఇవాళ ఇద్దరూ ఐఫోన్ వాడుతున్నా, రేపు ఫోన్ మార్చే ఆలోచన ఏమాత్రం ఉన్నా నేను గూగుల్‌నే సూచిస్తాను. ఐఫోన్ గూగుల్ కాంటాక్టులను కార్డ్‌డావ్ అనే ప్రామాణిక పద్ధతిలో తెచ్చుకుంటుంది. వీకార్డ్ నాలుగో రూపం వచ్చిన 2011 ఆగస్టులోనే అదీ ప్రమాణంగా వెలువడింది, కార్డులను సర్వరులో ఉంచి అన్ని పరికరాలకూ అందించడమే దాని పని. కింద చెప్పేదంతా గూగుల్ ఖాతాను దృష్టిలో పెట్టుకునే చెబుతున్నాను.

ఖాతాను ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తెరవండి. పాస్‌వర్డ్ ఇద్దరికీ తెలియాలి, అది మీ సొంత ఖాతాల పాస్‌వర్డులలో ఏదీ కాకూడదు. ఖాతా చేజారితే తిరిగి పొందడానికి అడిగే ఫోన్ నంబరు ఒకరిదీ, మెయిల్ చిరునామా మరొకరిదీ ఇవ్వండి. ఇద్దరిలో ఎవరి ఫోన్ పోయినా రెండోవారు ఆ ఖాతాలోకి వెళ్ళగలగాలి. పాస్‌వర్డ్‌తోపాటు మరో రుజువు కూడా అడిగే రెండంచెల ధృవీకరణను తప్పకుండా పెట్టుకోండి.

తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్ సెట్టింగులలో ఖాతాల పేజీకి వెళ్ళి ఈ కొత్త ఖాతాను చేర్చండి. చేర్చిన వెంటనే దాని సింక్ పేజీని తెరవండి. కాంటాక్టులు, క్యాలెండరు, మెయిలు అంటూ వరుసగా స్విచ్చులు కనిపిస్తాయి. కాంటాక్టుల స్విచ్చును ఉంచి మిగతావన్నీ ఆపివేయండి. ఫొటోల బ్యాకప్ ఈ పేజీలో ఉండదు, ఫొటోల యాప్‌లోనే ఉంటుంది; అక్కడ మీ సొంత ఖాతాయే ఉన్నట్టు చూసుకోండి. ఐఫోన్‌లో అయితే సెట్టింగులలో కాంటాక్టుల విభాగంలోని ఖాతాల పేజీ ద్వారా చేర్చాలి. 2024లో వచ్చిన ఐఓఎస్ 18 నుంచి ఈ విభాగం సెట్టింగులలో అట్టడుగున ఉండే ‘యాప్స్’ లోపలికి వెళ్ళింది, అందుకే పాత సూచనలు చదివి వెతికేవారికి అది దొరకదు. అక్కడా కాంటాక్టులు మాత్రమే పచ్చగా ఉండాలి.

ఇక్కడ ఒక స్విచ్చు విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. గూగుల్ కాంటాక్టుల సింక్ సెట్టింగులలో ఫోన్‌లోని కాంటాక్టులను కూడా ఖాతాకు చేర్చాలా అని అడిగే ఏర్పాటు ఒకటుంది. పొరబాటున అక్కడ ఉమ్మడి ఖాతాను ఎంచుకుంటే, ఫోన్ మెమరీలో ఉన్న మీ సొంత నంబర్లు ఆ ఖాతాలోకి చేరి, అక్కడి నుంచి రెండో ఫోన్‌లో ప్రత్యక్షమవుతాయి. దాన్ని ఆపి ఉంచండి, లేదా అక్కడ మీ సొంత ఖాతాయే ఉండేలా చూడండి.

మీరు వేరే ఎంచుకోనప్పుడు కొత్త నంబర్లు ఏ ఖాతాలో చేరాలన్న సెట్టింగును కూడా మీ సొంత ఖాతాకే వదలండి. ఉమ్మడిలోకి వెళ్ళే ప్రతి నంబరూ మీరు తెలిసి వేసినదై ఉండాలి. ఆండ్రాయిడ్‌లో కొత్త కాంటాక్టు రాసే పేజీ పైభాగంలో, పేరు గడి కన్నా ముందే, అది ఏ ఖాతాలో సేవ్ అవుతుందో చిన్న అక్షరాలలో ఒక మెయిల్ చిరునామా కనిపిస్తుంది. మనం సాధారణంగా చూడకుండా దాటిపోయే వరుస అది. దాన్ని నొక్కితే ఖాతాల జాబితా తెరుచుకుంటుంది. ఈ పాఠంలో ఒక్క అలవాటే చేసుకోగలిగితే, పేరు టైపు చేసే ముందు ఆ వరుసను చదివే అలవాటు చేసుకోండి. ఐఫోన్ వాడేవారికి ఇంతకన్నా తేలిక మార్గం, ఉమ్మడి ఖాతాతో బ్రౌజరులో గూగుల్ కాంటాక్టుల పేజీని తెరిచి నంబరును అక్కడే రాయడం; కాసేపటికి అది రెండు ఫోన్లకూ చేరుతుంది.

ఇప్పటికే మీ సొంత ఖాతాలో ఉన్న నంబర్లను తరలించాలంటే, ఒకటీ రెండూ అయితే గూగుల్ కాంటాక్టుల యాప్‌లో ఆ కార్డు మెనూలోనే వేరే ఖాతాకు తరలించే అవకాశం ఉంటుంది. ఎక్కువ ఉంటే బ్రౌజరులో మీ సొంత పట్టిక తెరిచి, పంచుకోదగిన వాటికి ‘ఉమ్మడి’ అని లేబుల్ పెట్టి, ఆ లేబుల్‌ను మాత్రమే వీకార్డుగా ఎగుమతి చేసి, ఉమ్మడి ఖాతాలో దిగుమతి చేయండి. అన్నీ సరిగ్గా వచ్చాయని చూసుకున్నాక సొంత ఖాతాలోని ఆ కార్డులను తీసివేయాలి. చాలామంది ఈ చివరి మెట్టు ఎక్కకుండా ఆగిపోతారు, చిక్కు అక్కడే మొదలవుతుంది. ఒకే మనిషి కార్డు రెండు ఖాతాలలోనూ ఉంటే ఫోన్ ఆ రెండిటినీ కలిపి ఒకే కార్డుగా చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో 2009లో వచ్చిన 2.0 రూపం నుంచీ ఇదే పద్ధతి: లోపల ఒక్కో ఖాతాకు ఒక్కో విడి కార్డు, పైన వాటన్నిటి కలగలుపు. మీరు నంబరు మార్చినప్పుడు ఆ మార్పు సొంత ఖాతాలోని కార్డుకు పడితే మీ ఫోన్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది, రెండో ఫోన్‌కు మాత్రం ఏమీ చేరదు. సింక్ పనిచేయడం లేదని ఫోన్‌ను తప్పుపట్టే సందర్భాల్లో చాలావాటికి కారణం ఇదేనని నా అనుభవం.

పేర్ల విషయంలో కొంత నిదానం అవసరం. సొంత ఫోన్‌లో ‘అమ్మ’ అంటే ఒక్కరే. ఉమ్మడి పట్టికలో ‘అమ్మ’ ఎవరి అమ్మ? ఒకరికి మామయ్య అయినవారు రెండోవారికి నాన్న. కాబట్టి ఉమ్మడిలో అసలు పేరు ముందు రాసి, వరుసను గానీ వృత్తిని గానీ పక్కన చేర్చాలి. ముద్దుపేర్లకు సొంత ఖాతాలే తగిన చోటు. కన్నవారివీ తోబుట్టువులవీ నంబర్లు రెండు చోట్లా ఉంచుకోవాలని మీకు అనిపిస్తే ఉంచుకోండి, కానీ నంబరు మారినప్పుడు రెండు చోట్లా మార్చాలని గుర్తుంచుకోండి. నంబర్లన్నిటినీ ప్లస్ గుర్తుతో, దేశ సంకేతంతో రాయండి. అంతర్జాతీయ పద్ధతిలో దేశ సంకేతంతో కలిపి ఏ నంబరూ 15 అంకెలు దాటదు. అలా రాసిన నంబరు ఇద్దరిలో ఎవరు ఏ దేశంలో ఉన్నా పనిచేస్తుంది.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. ఉమ్మడి ఖాతాలో చేర్చిన మనిషి మీ ఇద్దరి ఫోన్లలోనూ కాంటాక్టే అవుతారు. వాట్సాప్‌లో మీ ఫొటో, మీరు చివరిసారి కనిపించిన సమయం ‘నా కాంటాక్టులు’ చూడవచ్చని పెట్టుకుని ఉంటే, మీ భాగస్వామి చేర్చిన మరమ్మతు పనివారికి కూడా అవి కనిపించవచ్చు. దీనికి ఉమ్మడి పట్టికను మానుకోనక్కర లేదు. అక్కడే ఉన్న కొందరిని మినహాయించే ఏర్పాటును వాడుకుంటే సరిపోతుంది.

సింక్ అయ్యే పట్టికను బ్యాకప్ అనుకోకూడదు. ఒకరు డిలీట్ చేస్తే ఇద్దరి ఫోన్లలోనూ పోతుంది. గూగుల్ కాంటాక్టులలో తీసివేసిన కార్డు 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది, ఆలోపు తిరిగి తెచ్చుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. అందుకే మూడు నాలుగు నెలలకోసారి ఉమ్మడి ఖాతా వీసీఎఫ్ ప్రతిని కూడా తీసి దాచండి. ఫోన్ నుంచి ఖాతాను తొలగించడం మాత్రం దీనికి పూర్తిగా వేరు: నంబర్లు ఆ ఫోన్‌లోంచి మాయమవుతాయి, ఖాతాలో భద్రంగానే ఉంటాయి.

ఈ వారం అభ్యాసం: ఇద్దరూ కలిసి పది నంబర్లు మాత్రమే ఎంచుకోండి, అంతకు మించి వద్దు. వాటిని ఉమ్మడిలోకి తరలించి, సొంత ఖాతాలలోని కార్డులను తీసివేయండి. తర్వాత ఒకరు ఒక కార్డులోని పేరు చివర ఒక చుక్క చేర్చి సేవ్ చేయాలి. రెండోవారు తమ ఫోన్‌లో ఆ చుక్క ఎంతసేపటికి కనిపించిందో చూసి, దాన్ని తుడిచివేయాలి. చుక్క రెండువైపులా ప్రయాణించిందంటే ఏర్పాటు కుదిరినట్టే. ఆ తర్వాత రెండు ఫోన్లలోనూ ఇంటర్నెట్‌ను కాసేపు ఆపి, ఆ పదీ అలాగే కనిపిస్తున్నాయో లేదో చూడండి. చుక్క ఒకవైపే ఆగిపోయినవారు ఆ కార్డు సొంత ఖాతాలో కూడా మిగిలిపోయిందేమో వెతకండి; ఇలాంటి జంట కార్డులను విడదీసే పద్ధతిని నాలుగో పాఠంలో వివరంగా చూద్దాం.