వీలునామా: మనం లేనప్పుడూ నిలబడేలా రాయడం, తర్వాత అమలు చేయించడం

వీలునామా మీద తగాదా వచ్చే సమయానికి దాన్ని రాసిన మనిషి ఉండరు. "ఇది నా సంతకమే, నా ఇష్టంతోనే రాశాను" అని చెప్పే అవకాశం ఇక లేదు. ఆ మాట కాగితమూ సాక్షులే చెప్పాలి. భారతీయ వారసత్వ చట్టం, 1925 పెట్టిన షరతులన్నీ ఇందుకోసమే. ఈ సంగతి మనసులో పెట్టుకుని రాయిస్తే సగం ఇబ్బందులు ముందే తప్పుతాయి.

మైనారిటీ తీరి, తాను చేస్తున్నదేమిటో తెలిసే స్థితిలో ఉన్నవారెవరైనా వీలునామా రాయవచ్చు. స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. చేత్తో రాసినా టైపు చేయించినా ఒకటే. భాష కూడా మీ ఇష్టం. మీకు బాగా వచ్చిన భాషలోనే రాయించండి. తెలుగు మాత్రమే చదవగలిగిన మనిషి పేరున ఇంగ్లీషు వీలునామా బయటపడితే, అవతలి పక్షం లాయరు అడిగే మొదటి ప్రశ్న దాని మీదే ఉంటుంది.

రాసే ముందు ఆస్తిని రెండుగా విడదీసుకోండి. స్వార్జితం, అంటే మీరు సొంతంగా సంపాదించినదాని మీద పూర్తి అధికారం మీదే. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో మాత్రం మీ వాటా వరకే రాయగలరు. హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షను ఆ వాటాను వీలునామాలో పెట్టే హక్కు ఇస్తుంది గానీ, మొత్తం ఆస్తి మీద కాదు. 2005 సవరణ తర్వాత కూతుళ్లూ పుట్టుకతోనే వాటాదారులు. ఈ లెక్క చూడకుండా తాతల నాటి పొలమంతా కొడుకు పేర రాసేస్తే, కూతురి వాటా మేరకు ఆ రాత చెల్లదు. ముస్లింలకు నిబంధనలు వేరు. అంత్యక్రియల ఖర్చులు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతుకు మించి రాస్తే మిగతా వారసుల సమ్మతి కావాలి. సున్నీలలోనైతే వారసుల్లో ఒకరికే రాయాలన్నా ఆ సమ్మతి ఉండాలి.

ఆస్తి వివరం దస్తావేజులో ఎలా ఉందో వీలునామాలోనూ అలాగే రావాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపులా హద్దులు, మీకు ఆ ఆస్తి వచ్చిన దస్తావేజు నంబరు, సంవత్సరం రాయండి. "ఊళ్లో ఉన్న ఇల్లు" అని రాసి, ఆ ఊళ్లో రెండు ఇళ్లుంటే వారసులు కోర్టు మెట్లెక్కక తప్పదు. విడివిడిగా రాసిన ఆస్తుల తర్వాత, "ఇందులో రాయనివి, ఇకపై నాకు సంక్రమించే స్థిర చరాస్తులన్నీ ఫలానా వారికి" అన్న వాక్యం తప్పక ఉండాలి. అది లేకపోతే తర్వాత కొన్న స్థలం వీలునామాకు బయట పడి, వారసులందరికీ పంచుకోవాల్సి వస్తుంది. మీరిచ్చిన వ్యక్తి మీకంటే ముందే పోతే ఎవరికి చెందాలో కూడా రాయండి.

భార్యకు "జీవితాంతం అనుభవించి, తదనంతరం పిల్లలకు" అని రాయడం మన దగ్గర మామూలే. జాగ్రత్త అవసరమైన చోటు ఇదే. భరణానికి బదులుగా స్త్రీకి దక్కిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామాలో ఇచ్చిన జీవితకాల హక్కుకు అది ఎంతవరకు వర్తిస్తుందన్న దాని మీద తీర్పులు ఒకే దారిలో లేవు. కాబట్టి ఆమెకు అమ్మే హక్కు ఇస్తున్నారా లేదా, ఎందుకు అలా ఇస్తున్నారో స్పష్టంగా రాసి, ఈ ఒక్క పేరా అయినా లాయరుకు చూపించండి.

ఇక సంతకాలు. వీలునామాలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. రాసే వ్యక్తి సంతకం గానీ వేలిముద్ర గానీ వేయాలి. కనీసం ఇద్దరు సాక్షులు ఆ సంతకం పెట్టడం కళ్లారా చూడాలి, లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోటి నుంచి వినాలి. ఆపై ఆ సాక్షులిద్దరూ ఆయన ఎదుటే సంతకం చేయాలి. ఇద్దరూ ఒకేసారి అక్కడ ఉండాలన్న నియమం లేకపోయినా, అందరూ ఒకే గదిలో, ఒకే పూట కానివ్వడమే మంచిది. ఒకరు ఉదయం, మరొకరు సాయంత్రం వచ్చి చేసిన సంతకాలు క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నించేటప్పుడు, తడబాటుకు దారితీస్తాయి. చివర ఇలా రాయించండి: "పైన చెప్పిన వ్యక్తి ఈ వీలునామాను చదివించుకుని, విని, అర్థం చేసుకుని మా ఎదుట సంతకం చేయగా చూసి, ఆయన ఎదుట మేము సాక్షులుగా సంతకాలు చేశాము."

దస్తూరి రాసిన వ్యక్తి సంతకం దానంతటదే సాక్షి సంతకం కాదు. సబ్ రిజిస్ట్రారు ఎదుట గుర్తింపు కోసం సంతకం చేసినవారూ అంతే. వీలునామా రుజువు కావాలంటే సాక్షుల్లో ఒకరైనా కోర్టుకొచ్చి చెప్పాలి. అందుకే మీకంటే చిన్నవారిని, ఆరోగ్యంగా ఉన్నవారిని, చిరునామా తెలిసి అందుబాటులో ఉండేవారిని ఎంచుకోండి. సాక్షులిద్దరూ చనిపోయినా, దొరకకపోయినా దారి మూసుకుపోదు. ఒక సాక్షి చేతిరాతను, వీలునామా చేసిన వ్యక్తి సంతకాన్ని వేరే ఆధారాలతో నిరూపించవచ్చు గానీ అది కష్టమైన దారి. ఆస్తి పొందేవారినీ, వారి భార్యనో భర్తనో సాక్షిగా పెట్టకండి.

కోర్టు అనుమానించే పరిస్థితులు ఏమిటో 1959లో రిపోర్టయిన వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచి తీర్పులు చెబుతూనే ఉన్నాయి. వణికిన సంతకం, సొంత పిల్లల్ని కారణం లేకుండా వదిలేయడం, లాభపడేవారే దగ్గరుండి రాయించడం వంటివి అందులో ఉన్నాయి. వీటికి సమాధానం చెప్పి కోర్టును ఒప్పించాల్సిన భారం వీలునామా చూపించేవారిదే. ఎవరికైనా ఏమీ ఇవ్వకపోతే, "పెద్ద కూతురికి పెళ్లప్పుడే ఇంటిస్థలం ఇచ్చాను" లాంటి కారణం ఒక్క వాక్యంలో రాయండి. దూషణలు వద్దు. వయసు మీద పడినా, జబ్బున పడినా, అదే రోజు డాక్టరు దగ్గర మానసిక స్థితి బాగుందని సర్టిఫికెట్ తీసుకోండి. ఆ డాక్టరే ఒక సాక్షి అయితే ఇంకా మేలు. ప్రతి పేజీ కింద సంతకం చేయండి. ఖాళీ జాగాలు వదలకండి. కొట్టివేత ఉంటే దాని పక్కన మీరూ సాక్షులూ సంతకం చేయకపోతే ఆ మార్పు చెల్లదు.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, స్టాంపు డ్యూటీ కూడా లేదు. అయినా చేయించమనే చెబుతాం. అసలు కాగితం పోయినా రికార్డు ఉంటుంది, మీరు ఆ రోజు ఆఫీసుకు వచ్చారన్నదీ నమోదవుతుంది. కదలలేని స్థితిలో ఉంటే కారణం చూపి రిజిస్టరింగ్ అధికారిని ఇంటికి రమ్మని కోరవచ్చు. మీరు బతికి ఉండగా నకలు మీకు గానీ మీ ఏజెంటుకు గానీ తప్ప ఇంకెవరికీ ఇవ్వరు కాబట్టి గుట్టు బయటపడుతుందన్న భయం అక్కర్లేదు. అయితే రిజిస్టరైందన్న మాత్రాన సాక్షిని పిలవాల్సిన పని తప్పదు. రిజిస్టరైతే సాక్షి అక్కర్లేదన్న అపోహ వల్ల నష్టపోయినవారు చాలామంది.

మనసు మారితే వీలునామాను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. కొత్తదానిలో "ఇంతకుముందు రాసినవన్నీ రద్దు చేస్తున్నాను" అని తేదీలతో సహా రాయండి. పాతది రిజిస్టరైతే కొత్తదాన్నీ రిజిస్టర్ చేయించడం మేలు.

మరణం తర్వాత వచ్చే ప్రశ్న ప్రొబేట్. అంటే వీలునామా నిజమైనదేనని కోర్టు ముద్రతో ధ్రువీకరించడం. ఆంధ్ర, తెలంగాణల్లో ఉన్న ఆస్తి గురించి ఇక్కడే రాసిన హిందువుల వీలునామాకు ఇది మొదటి నుంచీ తప్పనిసరి కాదు. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరాల ఆస్తులకు తప్పనిసరి చేసిన భారతీయ వారసత్వ చట్టం 213వ సెక్షనును 2025 డిసెంబరులో పార్లమెంటు తొలగించింది. కావాలనుకుంటే మాత్రం ఇప్పటికీ తీసుకోవచ్చు. వారసుల మధ్య పొరపొచ్చాలు ఉన్నప్పుడు, బ్యాంకు పట్టుబట్టినప్పుడు అది అక్కరకొస్తుంది.

ప్రొబేట్‌ను వీలునామాలో పేరున్న ఎగ్జిక్యూటరుకే, అంటే దాన్ని అమలు చేయమని రాసిన వ్యక్తికే ఇస్తారు. ఎవరి పేరూ లేకపోతే ఆస్తి పొందేవారు వీలునామా జతచేసి లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి వ్యవహారాలు చూసేందుకు కోర్టు ఇచ్చే అధికారపత్రం, కోరాలి. జిల్లా కోర్టులో అసలు వీలునామా, మరణ ధ్రువపత్రం, ఆస్తుల విలువ పట్టికతో పిటిషన్ వేస్తారు. దొరికితే సాక్షుల్లో ఒకరు దాన్ని ధ్రువీకరించాలి. కోర్టు దగ్గరి బంధువులకు నోటీసులు ఇస్తుంది. ఎవరైనా కేవియట్ (తమ మాట వినకుండా ఇవ్వవద్దని కోరే అర్జీ) వేసి అభ్యంతరం చెబితే అది దావాగా మారుతుంది. మరణించిన ఏడు రోజుల తర్వాతే ప్రొబేట్ ఇస్తారు. దరఖాస్తుకు మూడేళ్ల గడువు వర్తిస్తుందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. అడగాల్సిన అవసరం ఏర్పడినప్పటి నుంచి ఆ గడువు లెక్క. వివరణ లేని ఆలస్యం కూడా అనుమానానికి తావిస్తుంది. ప్రొబేట్ వచ్చినా వీలునామా అసలుదేనని తేలుతుంది తప్ప, ఆ పొలం నిజంగా చనిపోయిన వ్యక్తిదేనా అన్నది తేలదు.

ప్రొబేట్ అక్కర్లేకపోతే వీలునామా నకలు, మరణ ధ్రువపత్రంతో మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో పేరు మార్పుకు, దరఖాస్తు చేయండి. బ్యాంకులో, షేర్లలో నామినీగా మరొకరి పేరుంటే కంగారుపడవద్దు. నామినీ చేతికి సొమ్ము అందుతుంది గానీ, షేర్ల విషయంలో నామినీ యజమాని కాడని 2023లోనూ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అయినా ఇప్పుడే నామినీ పేర్లు, వీలునామాలోని పేర్లు పక్కపక్కన పెట్టి చూసుకోండి. తేడా కనిపిస్తే మీరుండగానే సరిచేయించండి.