టర్నోవర్ వేరే, లాభం వేరే: అంగడి లెక్కల మాటలు అర్థం చేసుకునేదెట్ల

అనంతపురం పాతూరులో ఒక ఉగ్గాని బజ్జీల అంగడి ఉందనుకోండి, రోజుకు 6,000 రూపాయల యాపారం. చూసేవాళ్ళు ఏమంటారు, "వానికేమప్పా, నెలకు లక్షా ఎనభై వేలు సంపాదిస్తాడు" అంటారు. ఈ మాట వింటే నాకు చానా బాధైతాది, ఎందుకంటే ఆ 6,000 ఆయన సంపాదన కాదు, టర్నోవర్, అంటే గల్లాపెట్టెలో పడిన మొత్తం. అందులో బొరుగులు, నూనె, శనగపిండి, మిరపకాయలకు 3,400 పోతే మిగిలిన 2,600 గ్రాస్ ప్రాఫిట్. దాంట్లో మళ్ళీ బాడుగ, గ్యాసు, కరెంటు, పనోళ్ళ కూలి కలిపి 1,500 పోతే చివరికి చేతికొచ్చే 1,100 నెట్ ప్రాఫిట్. తెల్లారుజామున 4 గంటలకే లేచి పొయ్యి ముట్టించే మొగుడూ పెళ్ళాల కూలి ఇందులో యాడా పడలేదు చూడండి. టాక్స్ లెక్కలో సొంత కూలి ఖర్చు కిందికి రాదు గానీ ఇంట్లో మీ నోటుబుక్కులో మాత్రం తప్పకుండా రాసుకోండి, అది కూడా తీసేసినాక ఏమన్నా మిగులుతుంటేనే అంగడి లాభంలో ఉన్నట్టు.

ఈ రెండు అంకెలు వేరేవేరేగా ఎందుకు పెట్టుకోవాలంటే, జీఎస్టీ చూసేది టర్నోవర్‌ని, ఇన్‌కమ్ టాక్స్ చూసేది లాభాన్ని. రోజుకు 6,000 అంటే ఏడాదికి 21,90,000. హోటల్ లాంటి వాటికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ చేయించాల్సిందే, మన రాష్ట్రంలో సరుకులు మాత్రమే అమ్మే అంగడికైతే ఆ హద్దు 40 లక్షలు. లాభమెంత అని అక్కడ ఎవరూ అడగరు. అదే మనిషికి లాభం ఏడాదికి 4,01,500, 2025-26 కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం వరకు రిబేటు ఉంది కాబట్టి ఇన్‌కమ్ టాక్స్ ఒక్క రూపాయి పడదు, అయినా 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్న్ మాత్రం వేయాలి. టాక్స్ లేకపోతే రిటర్నూ అక్కర్లేదు అనుకునేవాళ్ళు చానా మంది ఉన్నారు, అది తప్పు.

2025 జులైలో పక్కన కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న అంగళ్ళకు జీఎస్టీ నోటీసులు ఇచ్చినారు, కొందరు భయపడి క్యాష్ మాత్రమే అని బోర్డులు పెట్టినారు. కానీ క్యాష్ కూడా టర్నోవరే. దానికన్నా చేయాల్సింది ఏందంటే అంగడికి ఒక బ్యాంకు అకౌంటు విడిగా పెట్టుకోండి, తమ్ముడు పంపిన దుడ్డు, చీటీ ఎత్తిన దుడ్డు అంగడి క్యూఆర్ కోడ్‌లో పడకుండా చూసుకోండి, లేకపోతే రేపు ఏది అమ్మకమో ఏది కాదో చూపించేది కష్టం.

కొనేవాళ్ళకు కూడా ఒక మాట. జీఎస్టీలోనే చిన్న యాపారాల కోసం కాంపోజిషన్ స్కీము అని ఉంది, టర్నోవర్ 1.5 కోట్ల లోపు వాళ్ళు దాంట్లో చేరొచ్చు, సరుకుల అంగడి వాళ్ళు టర్నోవర్ మీద 1 శాతం, హోటల్ వాళ్ళు 5 శాతం సొంత జేబులో నుంచి కట్టాలి, గిరాకీల దగ్గర జీఎస్టీ అని విడిగా వసూలు చేయకూడదు. కాంపోజిషన్ అని బోర్డు మీద రాసి ఉండి కూడా బిల్లులో జీఎస్టీ వేసినారంటే అడగండి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలుంటాది, మన ఆంధ్రాదైతే 37తో మొదలవుతాది, జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూస్తే అంగడి పేరు, ఏ స్కీములో ఉన్నారనేది కనపడతాది.

మార్జిన్, అంటే అమ్మిన ధరలో లాభం ఎంత శాతమనేది, దాని గురించి తొందరగా చెప్పేస్తా. ప్రొద్దుటూరులో చీర 800కు తెచ్చి 1,000కి అమ్మితే లాభం 200, కొన్న ధర మీద అది 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతమే. నాకు 25 శాతం వస్తాది కదా అని పండక్కి 25 శాతం డిస్కౌంట్ పెడితే చీర 750కి పోతాది, ఒక్కో చీరకు 50 నష్టం. ద్రవ్యోల్బణం కూడా అంతే, ఎఫ్‌డీలో 6.5 శాతం వడ్డీ వస్తుంటే, ధరలు ఏడాదికి 4 శాతం పెరుగుతుంటే, మీ దుడ్డు నిజంగా పెరిగేది సుమారు 2.5 శాతమే.

ఇంక వడ్డీ, మన పక్క ఇండ్లు గుల్లయ్యేది ఇక్కడే కాబట్టి నిదానంగా చదవండి. ఊర్లో రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. ఫైనాన్సులో రూపాయి వడ్డీకే ఇస్తామంటే సగానికి సగం తక్కువ కదా అని సంతకం పెట్టేస్తారు. అది ఫ్లాట్ వడ్డీ అయితే లెక్క ఇట్ల ఉంటాది: లక్ష రూపాయలు, 24 నెలలు, వడ్డీ 24,000, నెలకు కంతు 5,167. మీరు నెలనెలా అసలు తీరుస్తానే ఉన్నారు, ఏడాదికి సగం అసలు తీరిపోతాది, అయినా 24వ నెల వరకు మొత్తం లక్ష మీదే వడ్డీ పడతాది. అంటే ఆ రూపాయి వడ్డీ నిజానికి ఏడాదికి 21.5 శాతం దాకా పడినట్టు, ఊరి వడ్డీకి దీనికి పెద్ద తేడా లేదు. అదే 12 శాతం రెడ్యూసింగ్ అయితే, అంటే మిగిలిన అసలు మీదే వడ్డీ అయితే, నెలకు 4,707, మొత్తం వడ్డీ 13,000 లోపే. ఒకే 12 శాతం, 11,000 తేడా.

అందుకే సంతకానికి ముందు ఫ్లాటా రెడ్యూసింగా అని అడగండి, తర్వాత కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్, అంటే అప్పు ముఖ్యమైన వివరాలు రాసిచ్చే కాగితం, ఇవ్వమని అడగండి. 2024 అక్టోబరు 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు ఇండ్లకు, చిన్న యాపారాలకు ఇచ్చే అప్పులకు ఈ కాగితం ఇవ్వాల్సిందే అని రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది, అది కూడా మీకు అర్థమయ్యే భాషలో ఉండాలి, కాబట్టి తెలుగులో కావాలని నోరు తెరిచి అడగండి. దాంట్లో ఏపీఆర్ అని ఒక శాతం ఉంటాది, వడ్డీతో పాటు ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్సు లాంటివి కూడా కలిపి చూపిస్తారు. రెండు మూడు చోట్ల ఆ కాగితం తీసుకొని ఏపీఆర్ ఏపీఆర్ పక్కపక్కన పెట్టి చూడండి, నెల కంతు తక్కువుందని మాత్రం తొందరపడొద్దు, నెలలు పెంచితే కంతు ఎట్లన్నా తగ్గుతాది.