మ్యాప్స్‌లో మీ షాపు కిందికి జారితే పేరు మార్చకండి

గూగుల్ మ్యాప్స్‌లో నిన్నటిదాకా పైన కనిపించిన షాపు ఒక్కసారిగా కిందికి పోతే, టెన్షన్‌లో చాలామంది పేరు చివర 'బెస్ట్ ఏసీ రిపేర్ కూకట్‌పల్లి' లాంటి మాటలు తగిలిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బోర్డు మీద ఉన్న పేరే ప్రొఫైల్‌లోనూ (మ్యాప్స్‌లో మీ షాపు వివరాలుండే పేజీ) ఉండాలన్నది గూగుల్ నియమం. తప్పితే ప్రొఫైలే సస్పెండ్ కావచ్చు.

లోకల్ ఫలితాల్లో గూగుల్ ముఖ్యంగా మూడు చూస్తుంది: వెతికినదానికి మీ పని ఎంత సరిపోతుంది, మీరెంత దూరంలో ఉన్నారు, మీకెంత గుర్తింపు ఉంది. ఎవరు పైన, ఎవరు కింద అని తేల్చే గూగుల్ అల్గారిథమ్ మారితే వీటిలో దేనికెంత విలువ అన్నది మారవచ్చు. 2021 నవంబర్ 30 నుంచి డిసెంబర్ 8 వరకు వచ్చిన అప్‌డేట్ తర్వాత దూరానికి ప్రాధాన్యం బాగా పెరిగిందని షాపులు గూగుల్‌లో పైన కనిపించేలా చూసే పనిలో ఉన్నవాళ్లు గమనించారు. కాబట్టి కూకట్‌పల్లి షాపు అమీర్‌పేటలో వెతికేవాళ్లకు కనిపించడం మానేస్తే, అది మీ తప్పు కాకపోవచ్చు.

షాపులో కూర్చుని మీ ఫోన్‌లోనే వెతికితే అసలు సంగతి తెలియదు, అక్కడ దూరం సున్నా కదా! నాలుగు ఏరియాల్లో ఉన్న తెలిసినవాళ్లతో వెతికించి స్క్రీన్‌షాట్లు తెప్పించుకోండి. మీరు ఎంత దూరం వరకు కనిపిస్తున్నారో అప్పుడు అర్థమవుతుంది.

తర్వాత ప్రొఫైల్‌లో ప్రైమరీ కేటగిరీ, అంటే మీది ఏ రకం వ్యాపారమో చెప్పే ముఖ్య విభాగం, చూడండి. మీరు చేసే అసలు పనే అక్కడ ఉండాలి. పనివేళలు కూడా సరిచూసుకోండి. షాపు మూసి ఉన్న వేళ కిందికి జారడం మామూలే. అలాగని 24 గంటలూ తెరిచి ఉంటుందని పెట్టకండి, తాళం చూసి వెనక్కి వెళ్లినవాళ్లు ఒక్క స్టార్ ఇచ్చి పోతారు.