క్లస్టర్ నిర్వహణ, ఆరో పాఠం: ఆపే ముందు చెప్పే మాట, ఆపే వరుస

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు ల్యాబుల్లో క్లస్టర్ (కలిసి పనిచేసే మిషన్ల గుంపు) చూసుకునేవాళ్లు అక్టోబరు రాకముందే ఈ పాఠం చేతికి తెచ్చుకోవాలి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. తుపాను కబురు ముందే అందుతుంది కాబట్టి మిషన్లను పద్ధతిగా ఆపుకునే వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిని వాడుకోవడమే నేటి పాఠం.

నమూనా క్లస్టర్ కిందటి పాఠంలోదే: అందరూ లోపలికి వచ్చే లాగిన్ నోడ్ ఒకటి (జాబులను, అంటే యూజర్లు వేసే పనులను, నోడ్లకు పంచే స్లర్మ్ కంట్రోలర్ కూడా దానిమీదే), ఫైళ్లుండే స్టోరేజీ నోడ్ ఒకటి, లెక్కలు చేసే కంప్యూట్ నోడ్లు ఎనిమిది. అందరి హోం డైరెక్టరీలూ స్టోరేజీ నోడ్ నుంచి ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) మీద వస్తాయి.

రేపు మధ్యాహ్నం 2 గంటలకు ఆపాలనుకుంటే ఇవాళే స్లర్మ్ ఆజ్ఞ ఎస్‌కంట్రోల్‌తో రిజర్వేషన్ పెట్టండి, అంటే ఆ సమయానికి నోడ్లను ముందే పక్కన పెట్టించండి. మొదలయ్యే సమయం, ఎంతసేపు, యూజర్ రూట్, నోడ్లు అన్నీ, ఫ్లాగులు మెయింట్, ఇగ్నోర్_జాబ్స్. అప్పటినుంచి ఆ గంట దాటిపోయే జాబ్ ఏదీ మొదలవదు. సాయంత్రం 4 గంటలకు ఎవరైనా 24 గంటల జాబ్ వేస్తే అది క్యూలోనే కూర్చుంటుంది, కారణం దగ్గర ‘రిజర్వ్‌డ్ ఫర్ మెయింటెనెన్స్’ అని కనిపిస్తుంది. అదే జాబ్ టైం లిమిట్ 20 గంటలకు తగ్గిస్తే సాయంత్రం 6 లోపు ఖాళీ నోడ్ దొరికినప్పుడు మొదలవుతుంది. “సార్, నా జాబ్ కదలట్లేదు” అని వచ్చిన పిల్లలకు చెప్పాల్సింది ఇదే. పార్టిషన్‌లో (జాబులు వేసే నోడ్ల గుంపులో) డిఫాల్ట్ టైం పెట్టకుండా వదిలేస్తే, టైం రాయని జాబులన్నీ ఇలాగే ఆగిపోతాయి. ముందు అది సరిచూసుకోండి. రిజర్వేషన్ పెట్టకముందే నడుస్తున్న జాబులను మాత్రం ఇది ఆపదు.

ఇక సందేశం. ‘సర్వర్ కాసేపట్లో డౌన్ అవుతుంది, సేవ్ చేసుకోండి’ అని పంపితే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాయండి: ‘18 అక్టోబరు 14:00కి అన్ని నోడ్లూ ఆగుతాయి. 13:45కి మిగిలిన జాబులు రద్దవుతాయి. ఫైళ్లకు ఏమీ కాదు. మళ్లీ ఎప్పుడు లేస్తుందో మెయిల్‌లో రాస్తాం.’ ‘రేపు’ అనే మాట వాడొద్దు. లాగిన్ తెర మీది సందేశాన్ని మర్నాడు చదివినవాడు ఎల్లుండి అనుకుంటాడు. తెలుగు లిపి, ఒడియా లిపి లినక్స్ కన్సోల్ మీద సరిగా కనిపించవు. ల్యాబులో రెండు భాషలవాళ్లూ ఉంటారు కాబట్టి ఇదే విషయం చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో పంపండి, అంకెలు మాత్రం 24 గంటల పద్ధతిలోనే.

వాల్ ఆజ్ఞతో పంపిన సందేశం, ఆజ్ఞ ఇచ్చిన ఆ ఒక్క మిషన్‌లో తెరిచి ఉన్న టెర్మినళ్లకే చేరుతుంది. జాబ్ వేసి ఇంటికి పోయినవాడికి చేరదు, వాడికి మెయిలే దిక్కు. మామూలు యూజర్ పంపే సందేశాన్ని ‘మెసేజ్ ఎన్’ పెట్టుకున్నవాడు అడ్డుకోగలడు, రూట్ పంపినదాన్ని అడ్డుకోలేడు. షట్‌డౌన్‌కు +15 ఇస్తే పదిహేను నిమిషాల గడువు మొదలవుతుంది, చివరి 5 నిమిషాల్లో కొత్త లాగిన్లు మూతపడతాయి. -సి ఇస్తే రద్దవుతుంది. -కె ఇస్తే హెచ్చరిక మాత్రమే వెళ్తుంది, మిషన్ ఆగదు. సాధన దానితోనే చేయండి.

13:45కి మిగిలిన జాబులను ఎస్‌క్యాన్సిల్‌తో తీసేయండి. జాబుకు ముందు టెర్మ్ సిగ్నల్ (ముగించుకోమనే సూచన) వెళ్తుంది, డిఫాల్ట్‌గా 30 సెకన్ల తర్వాత కిల్ (బలవంతంగా ఆపేది) వస్తుంది. పెద్ద చెక్‌పాయింట్ ఫైలు (జాబ్ అప్పటిదాకా చేసిన పనిని దాచేది) ఎన్‌ఎఫ్‌ఎస్ మీద రాయడానికి 30 సెకన్లు చాలవు. స్లర్మ్ కాన్ఫిగరేషన్‌లో కిల్‌వెయిట్ విలువ పెంచాల్సింది అందుకే.

తర్వాత వరుస. కంప్యూట్ నోడ్లు, అవి నిజంగా ఆగాయని చూశాక లాగిన్ నోడ్, అన్నిటికన్నా చివర స్టోరేజీ. ఈ వరుస తప్పితే ఏమవుతుందో తెలియాలి. స్టోరేజీ ముందు పోయిందనుకోండి. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలుగా హార్డ్ మౌంట్, అంటే సర్వర్ జవాబిచ్చేదాకా క్లయింట్ అడుగుతూనే ఉంటుంది. డిస్కులో ఖాళీ చూపే డీఎఫ్ కొడితే తెర బిగుసుకుపోతుంది. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే టాప్‌లో ప్రాసెస్ పక్కన ‘డి’ అక్షరం కనిపిస్తుంది, అంటే అది స్టోరేజీ జవాబు కోసం ఆగి ఉందన్నమాట. షట్‌డౌన్ కూడా అన్‌మౌంట్ దగ్గర ఇరుక్కుంటుంది. చివరికి పవర్ బటన్ నొక్కిపట్టడమే మిగులుతుంది, సగం రాసిన ఫలితాలు సగంలోనే పోతాయి.

యూపీఎస్‌ను నట్‌తో (బ్యాటరీ అయిపోయేలోపు మిషన్లను ఆపే సాఫ్ట్‌వేర్‌తో) నడిపేవాళ్లకూ ఇదే వల. స్టోరేజీ నోడ్ ప్రైమరీగా (మిగతావి ఆగాక చివర ఆగేదిగా) ఉంటే, మిగతా నోడ్లు ఆగడం మొదలుపెట్టగానే అవి పోయాయనుకుంటుంది. పూర్తిగా ఆగాయా లేదా అన్నది చూడదు. ఆ తర్వాత తాను ఆగేముందు వేచి ఉండే సమయం, అంటే ఫైనల్‌డిలే, డిఫాల్ట్‌గా 5 సెకన్లే. మీ కంప్యూట్ నోడ్ ఆగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో గడియారం పెట్టి కొలిచి, దానికి రెట్టింపు పెట్టండి. బ్యాటరీ అంతసేపు నిలుస్తుందో లేదో కూడా చూసుకోండి.

లేపేటప్పుడు తిరగేసిన వరుస: స్టోరేజీ, లాగిన్, కంప్యూట్. లేచిన నోడ్ డౌన్ అనే చూపిస్తుంటే ముందు దాని గడియారం చూడండి. నోడ్లు ఒకదాన్నొకటి నమ్మడానికి వాడే మంజ్ ధ్రువీకరణ డిఫాల్ట్‌గా 300 సెకన్లే చెల్లుతుంది. మదర్‌బోర్డు మీది బటన్ సెల్ అయిపోయిన పాత మిషన్ పాత తేదీతో లేస్తుంది, కంట్రోలర్ దాన్ని ఒప్పుకోదు. డ్రెయిన్ చేసిన (కొత్త జాబులు రాకుండా పక్కనపెట్టిన) నోడ్ రీబూట్ అయినా డ్రెయిన్‌లోనే ఉంటుంది, రిజ్యూమ్ మీరే ఇవ్వాలి. పని త్వరగా అయిపోతే రిజర్వేషన్ తీసేయడం మరవొద్దు.

ఏడో పాఠానికి ముందు చేయాల్సినవి: ఒక కంప్యూట్ నోడ్‌ను డ్రెయిన్ చేసి, కారణం రాసి, ఎస్‌ఇన్ఫో -ఆర్‌లో ఆ కారణం కనిపిస్తోందా చూడండి. తర్వాత దాన్ని ఆపి, ఎన్ని సెకన్లు పట్టిందో ల్యాబు నోటు పుస్తకంలో రాసిపెట్టండి.