అండొర్రాకి ఎయిర్‌పోర్ట్ లేదు, అక్కడే తిప్పలు మొదలు

అండొర్రా అంటే ఫ్రాన్స్, స్పెయిన్‌ల మధ్య ఉన్న చిన్న దేశం. టికెట్ సైట్‌లో ఆ పేరు కొడితే లా సేవు దుర్హెల్ అని ఒక ఎయిర్‌పోర్ట్ చూపించింది. అది స్పెయిన్‌లో, సరిహద్దుకు దగ్గర్లోనే ఉంది, కానీ విమానాలు బాగా తక్కువ, నా తేదీలకి ఒక్కటీ కుదర్లేదు. అండొర్రాకి సొంత ఎయిర్‌పోర్టే కాదు, రైలు కూడా లేదు, రోడ్డు మీద వెళ్లాల్సిందే. మ్యాప్‌లో ఫ్రాన్స్‌లోని టులూజ్ దగ్గరగా కనిపించేసరికి వెంటనే జనవరికి బుక్ చేసేశాను.

తర్వాత దిగబోయే హోటల్ వాళ్లకి ఎలా రావాలని మెయిల్ పెడితే, ఫ్రాన్స్ వైపు రోడ్డు 2,408 మీటర్ల ఎత్తున్న ఎన్వలీరా కనుమ దగ్గరికి వస్తుందని, మంచు గట్టిగా పడితే దారి మూసేస్తారని చెప్పారు. బార్సిలోనాకి మార్చుకున్నాను. మార్పు ఛార్జీ కట్టేటప్పుడు మనసు చివుక్కుమంది, కానీ అక్కడ ఎయిర్‌పోర్ట్ నుంచే బస్సు ఉంది, మూడు గంటలకి కాస్త అటూ ఇటూగా చేరిపోవచ్చు.

అసలు టెన్షన్ వీసాతో. అండొర్రా యూరో వాడుతుంది గానీ షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులో) లేదు, అంటే లోపలికి వెళ్లామంటే షెంగెన్ దాటినట్టే, తిరిగి స్పెయిన్‌లోకి రావడం రెండో ఎంట్రీ కింద లెక్క. నేనేమో ఫారంలో సింగిల్ ఎంట్రీకి టిక్ పెట్టి ఉంచాను! అదృష్టం, ఫారం ఇంకా ఇవ్వలేదు. మల్టిపుల్‌కి మార్చి, అండొర్రా హోటల్ బుకింగ్ కూడా జత చేసి ఇచ్చాను, వచ్చింది.