బయోమెడికల్ ప్రాజెక్టు ల్యాబ్‌లో పనిచేస్తుంది, వార్డులో ఎవరికీ అక్కర్లేదు: ఎక్కడ చూడాలి?

సమస్య: ఫైనలియర్ పిల్లల పరికరం డెమోలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆసుపత్రికి తీసుకెళ్తే స్టాఫ్ నర్సు "బాగుందమ్మా" అని తన పనిలో పడిపోతుంది. "ఎవరు కొంటారు?" అని అడిగితే పిల్లల దగ్గర జవాబుండదు.

ముందు చూడాల్సింది సర్క్యూట్ కాదు, వాళ్ల నోట్‌బుక్. వార్డులో ఎన్ని గంటలు నిలబడ్డారు, ఏ షిఫ్టులో, ఎవరితో మాట్లాడారు? చాలాసార్లు అందులో ఉండేది ఒక పెద్ద డాక్టరుతో పావుగంట మీటింగ్ మాత్రమే. మన ప్రాజెక్టు గైడ్లు ఇది చూడకుండానే అబ్‌స్ట్రాక్ట్ మీద సంతకం పెట్టేస్తున్నారు, దయచేసి పెట్టకండి. నైట్ డ్యూటీతో కలిపి కనీసం రెండు షిఫ్టులు చూసొచ్చాకే టైటిల్ ఖాయం చేయండి.

వార్డుకు వెళ్లొచ్చినా ఇదే జరుగుతోందా? అయితే ప్రాజెక్టు ఏ అవసరం తీర్చాలో రాసిన వాక్యంలోనే పరిష్కారం దూరి కూర్చుంది. దీన్ని పట్టుకోలేక నేను ఒక బ్యాచ్‌కి ఏడాది కష్టం వృథా చేశాను. 'సెలైన్ అయిపోతే నర్సు ఫోనుకు మెసేజ్ పంపే పరికరం కావాలి' అని రాసుకొచ్చారు, నేనూ సరే అన్నాను. బాటిల్ బరువు కొలిచే లోడ్ సెల్, దాని సిగ్నల్ చదివే హెచ్‌ఎక్స్711 చిప్, మెసేజ్ పంపే ఈఎస్‌పీ32 బోర్డు, అన్నీ చక్కగా కుదిరాయి. వార్డులో పెడితే రోగి చెయ్యి కదిపి ట్యూబు లాగినప్పుడల్లా బరువు మారి ఉత్తుత్తి మెసేజ్‌లు. చివరికి సిస్టర్ చెప్పింది: "బాటిల్ అయిపోయిందని పక్కనున్న అటెండెంటే కేకేసి చెబుతాడు బాబూ. నేను ఇంకో బెడ్ దగ్గరుంటాను. వచ్చేసరికి రక్తం ట్యూబులోకి ఎక్కి క్యాన్యులా (నరంలో పెట్టే సన్నని గొట్టం) బ్లాక్ అయిపోతుంది, మళ్లీ గుచ్చాలి."

అంటే ఆవిడకు తెలియక కాదు, చెయ్యి ఖాళీ లేక. మేం తెలియజేసే పరికరం చేశాం.

వాక్యాన్ని ఇలా మార్చాం: 'ఒకే నర్సు ఎక్కువ బెడ్లు చూసే జనరల్ వార్డులో, డ్రిప్ అయిపోయాక క్యాన్యులా మూసుకుపోయి రోగికి మళ్లీ సూది గుచ్చాల్సి రావడం తగ్గాలి.' సమస్య ఏంటి, ఎవరికి, ఏం మారాలి. వైద్య పరికరాలను అవసరం నుంచి మొదలుపెట్టి రూపొందించడం నేర్పే స్టాన్‌ఫర్డ్ బయోడిజైన్ పద్ధతిలో చెప్పే మూడు ముక్కలూ ఇవే. ఇప్పుడు రక్తం వెనక్కి రాకుండా ఆపే వాల్వు గురించి ఆలోచించొచ్చు, బాటిళ్లు మార్చే వేళలు సర్దడం గురించీ ఆలోచించొచ్చు. పరీక్ష సులువే: మీ వాక్యాన్ని ప్రాజెక్టు గురించి తెలియని వేరే బ్యాచ్‌కి ఇచ్చి మూడు వేర్వేరు పరిష్కారాలు అడగండి. అందరూ ఒకటే చెబితే యాప్, సెన్సర్, అలారం, ఐఓటీ లాంటి మాటలన్నీ కొట్టేసి మళ్లీ రాయించండి. మా దగ్గర ఒక్కో వాక్యం నాలుగైదుసార్లు తిరగరాస్తేగానీ కుదరదు, దానికి రెండు వారాలు పోయినా పర్వాలేదు.

కొనేవాళ్లు దొరకట్లేదంటే, వాడేవాళ్లు, సిఫార్సు చేసేవాళ్లు, డబ్బు కట్టేవాళ్లు వేర్వేరని పిల్లలకు తట్టలేదన్నమాట. ప్రభుత్వాసుపత్రి అయితే కొనుగోలు ఏపీఎంఎస్‌ఐడీసీ (ఆంధ్రప్రదేశ్), టీజీఎంఎస్‌ఐడీసీ (తెలంగాణ) లాంటి రాష్ట్ర వైద్య సేవల సంస్థల టెండర్ల ద్వారా సాగుతుంది, ప్రైవేటులో పర్చేజ్ డిపార్ట్‌మెంట్. మార్కెట్ ఇంత పెద్దదని చూపడానికి జనాభాను ధరతో గుణించిన స్లైడ్ తీసేయించి, ఈ ముగ్గురినీ కలిసి రమ్మనండి.

లైసెన్సు టెన్షన్ ఈ దశలో వద్దు. మెడికల్ డివైసెస్ రూల్స్ 2017 ప్రకారం తమ పరికరం రిస్కును బట్టి చేసిన ఏ, బీ, సీ, డీ క్లాసుల్లో దేనిలోకి వస్తుందో తెలుసుకుంటే చాలు. త్రీడీ ప్రింట్ గురించీ దిగులొద్దు, అది బాగా రాలేదని ప్రాజెక్టు పోవడం నేను చూడలేదు. పేటెంట్ ఆలోచన ఉంటే మాత్రం, కాలేజీ ఎక్స్‌పోలో చూపించకముందే ప్రొవిజనల్ (ప్రాథమిక) దరఖాస్తు వేయించండి.